నాలుగింటి పేర్లు

నాలుగు కావడానికి ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది. టీ కాగే సమోవర్ పక్కన వరసగా నిలబెట్టిన నాలుగు బ్యాటరీలూ వెచ్చబడుతున్నాయి. అలా వెచ్చబెడితే వాటిలో మిగిలిన కొనప్రాణం ఇంకో అరగంటకి సరిపోతుంది. ఇది తూబాకి ఎవరూ నేర్పలేదు, యుద్ధం వచ్చాక కెర్మాన్‌షాలో ప్రతి ఆడదానికీ దానంతటదే వచ్చిపడ్డ విద్యల్లో ఇదొకటి. కిటికీ అద్దాలకి అడ్డంగా కాగితం అంటించడం ఒకటి, బాంబుకీ మామూలు ఉరుముకీ తేడా పట్టడం ఒకటి, రోజుని గడియారంతో కాక రేడియోతో కొలవడం ఇంకొకటి. పొద్దున ఏడింటికి వ్యాయామం, ఎనిమిదింటికి ఏ నంబరు కూపనుకి పంచదార, ఏ నంబరుకి వంటనూనె, పదింటికి మాంసం లేకుండా వండుకునే కూరలు చెప్పే ఆవిడ, ఆవిడ గొంతులో ఎప్పుడూ మాంసం తిని లేచిన తృప్తి, మధ్యాహ్నం ప్రార్థన పిలుపు, రెండింటికి వార్తలు. వార్తల్లో మనవాళ్ళు ఎప్పుడూ ముందుకే పోతుంటారు, ఇన్నేళ్ళుగా ముందుకి పోయినవాళ్ళు ఈపాటికి భూమి చుట్టి మన పెరటి గోడ దూకాలి, దూకరు, చచ్చాక వాళ్ళ పేర్లు మాత్రం వీధి మొగల బోర్డుల మీదికి వస్తాయి. ఉన్నట్టుండి వార్తలు ఆపి బాజా మోగిస్తే కొత్త దాడి మొదలైందని అర్థం, బాజా ఎంత హుషారుగా ఉంటే అన్ని నల్లజెండాలు. ఇదంతా ఈవలి రేడియో. నాలుగింటికి ముల్లు శత్రువుల బాగ్దాద్ స్టేషను వైపు తిరుగుతుంది. అక్కడ పట్టుబడి ఉన్న మన పిల్లల చేత అవతలివాళ్ళు రోజూ అరగంట మాట్లాడిస్తారు, మన భాషలోనే, పేరు, తండ్రి పేరు, ఊరు, ఇంట్లోవాళ్ళకి ఒక మాట. వినడం నేరం. వినని ఇల్లు లేదు.

ఎదురింటి గులందాం ఇంకా రాలేదు. రాకపోతే బాగుండునని తొమ్మిది వారాలుగా రోజూ ఈ వేళకి అనుకోవడం, తలుపు చప్పుడు కాగానే గుండెలో ఏదో కుదుటపడడం, రెండూ నిజమే, ఏది ఎక్కువ నిజమో తూబాకి తెలియదు. గులందాం మొగుడు హైదర్ రొట్టెల బట్టీలో పనివాడు, భయస్తుడు, ఆ గొంతులు మన గడప దాటి రాకూడదన్నాడు, కాబట్టి గులందాం పంచదారకో పిండికో పోతున్నట్టు చాదరు కప్పుకుని వీధి దాటి ఇక్కడికి వస్తుంది. ఇద్దరూ కింద నిప్పులు పెట్టిన కుంపటి బల్ల దగ్గర ఒకే వైపు కూర్చుని, బల్ల మీద పరిచిన బొంతని తల మీదికి లాక్కుని, లోపల రేడియో పెట్టుకుని వింటారు. బొగ్గుల వేడి, గులందాం జుట్టులో కాలిన పిండి వాసన, పక్కనుంచి ఆవిడ ఊపిరి, చీకట్లో ఎవరి కొడుకులో వచ్చి పేర్లు చెప్పుకుంటుంటారు. తూబా బొంత అంచు ఎత్తి, ఆ వెలుగు చీలికలో, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని పేర్లు రాసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కో పేరుకీ ఒక్కో ఉత్తరం. మీ అబ్బాయి గొంతు ఫలానా రోజు విన్నాను, బతికున్నాడు, సంతకం ఒక శ్రోత. ఇప్పటికి నూట నలభై దాటి ఉంటాయి. ఇరవై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊరందరినీ ఊరందరితో కలిపిన మనిషి, రిటైరయ్యాక కూడా ఆ చేతికి అదే పని.

మరి ఆ ఒక్క తీగ ఎందుకు కలపలేదు. కలపలేదు అనడం కూడా మర్యాదకే, తెంపింది. తొమ్మిది వారాల కిందట మంగళవారం, గులందాం ఆ రోజు రాలేదు, పొద్దున పంచదార కూపను ప్రకటించారు కదా, మూడు వీధుల పొడుగు వరసలో నిలబడి ఉంది, ఉంటే ఏమయ్యేదో, రెండు తలలు ఒకే బొంత కింద ఒకే మాట విని ఉంటే, ఒకటి నవ్వుతూ ఒకటి ఏడుస్తూ బయటికి వచ్చేవి, అంతే కదా, అందులో దాచడానికి ఏముండేది. పంచదార. ఈ వీధిలో రేడియో వినడానికి ఒక్క మనిషి మిగలకుండా దేశమంతా తీపి కోసం నిలబడి ఉన్న రోజు. మొదట గరగర, ఈవలివాళ్ళు వినపడకుండా చేసే మోత, ఆ మోతలోంచి ఒక గొంతు, ఆ గొంతుని పేరు చెప్పకముందే గుర్తుపట్టింది, ఈ ఇంట్లో సీమదానిమ్మ మురబ్బా జాడీలో వేలు పెట్టి దొరికిపోయి నేను కాదు పెద్దమ్మా అన్న గొంతే. నేను కరమలీ, హైదర్ కొడుకుని, కెర్మాన్‌షా, తూబా ఖానుం ఇంటి చిరునామాకి. అమ్మా, నేను బాగున్నాను, కాలికి దెబ్బ తగిలింది, మానింది, ఏడవకు. తూబా పెద్దమ్మకి చెప్పండి, షాపూర్ రెల్లు చిత్తడిలో నా పక్కనే పోయాడు, బాధపడలేదు, కళ్ళు నేనే మూశాను. ఆ తర్వాత ఇంకో కుర్రాడు, జంజాన్‌ నుంచో ఎక్కడి నుంచో, తన పేరు చెప్పుకున్నాడు. చేయి ఆ పేరు రాసుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళ మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది. కొడుకు పోయిన కబురు విన్న మరుక్షణం ఆ చేయి తప్పు లేకుండా, తండ్రి పేరుతో సహా, ఎవరి కొడుకు పేరో రాసుకుంది.

కరమలీ ఎందుకు చెప్పాలి. అది అడగదలిస్తే ముందు తననే అడుక్కోవాలి. పిల్లల చిన్నప్పుడు ఆ రెండు ఇళ్ళ మధ్య వీధికి అడ్డంగా రెండు డబ్బాలు, ఒక దారం, ఈ కిటికీలో షాపూర్, ఆ కిటికీలో కరమలీ, హలో హలో, మధ్యలో తూబా నడుం మీద చేతులు పెట్టుకుని పాఠం చెప్పేది, వార్త మీది కాదురా, మీరు తీగలు, తీగ వార్తని మింగకూడదు. ఎక్స్‌ఛేంజిలో పెద్ద సూపర్వైజరమ్మ తనకి చెప్పిన మాట, వార్త చెడ్డదైతే మరీ తొందరగా అందించాలనేది ఆవిడ. షాపూర్ నవ్వేవాడు. కరమలీ నవ్వలేదు, చదువురాని ఇంట్లో పుట్టినవాడు, చెప్పిన మాట చెప్పినట్టు దాచుకున్నాడు, దాచుకుని పదేళ్ళ తర్వాత శత్రువు మైకు ముందు నిలబడి అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పాడు. అవతలివాళ్ళు అడ్డుపెట్టలేదు, ఎందుకు అడ్డుపెడతారు, తల్లులు ఏడిస్తే వాళ్ళకి మంచిదే. అసలు ముందు పేరు రాయించుకున్నది కరమలీ. మసీదులో బల్ల వేసి యుద్ధానికి వెళ్ళేవాళ్ళ పేర్లు రాస్తుంటే వెళ్ళి వేలిముద్ర వేసి వచ్చాడు. షాపూర్ మూడు రోజుల తర్వాత వెళ్ళాడు, వాడొక్కడే ఎలా వెళ్తాడమ్మా అన్నాడు. మూడు రోజులు. ఆ మూడు రోజుల్లో కరమలీకి జ్వరం వచ్చి ఉంటే, బట్టీలో చేయి కాలి ఉంటే. మంచి పిల్లవాడికి చేయి కాలాలని ఇన్నాళ్ళ తర్వాత కూర్చుని కోరుకుంటున్న ఆడది, ఊళ్ళో అందరికీ ఉపకారి, ఒక శ్రోత.

అప్పుడు చెప్పలేదు, సరే, ఆ సాయంత్రం నోరు రాలేదు, గులందాం పంచదార పొట్లంతో వచ్చి, ఎవరైనా పలికారా అక్కా అని అడిగితే, మనవాళ్ళెవరూ లేరు అంది. ఒక్క రోజుకే అనుకుంది. కరమలీ బతికున్నాడని చెబితే షాపూర్ చచ్చిపోయాడని చెప్పాలి, రెండూ ఒకే ఊపిరిలో వచ్చిన మాటలు, ఒకటి లోపల ఆపి ఒకటి బయట పెట్టడం కుదరదు, కాబట్టి రెండూ లోపలే ఉంటే ఇద్దరు పిల్లలూ రెల్లులోనే ఎక్కడో ఇంకా నడుస్తూ ఉంటారు, తడి బూట్లతో, పక్కపక్కన. రెండో వారంలో ఉత్తరాలు మొదలయ్యాయి. తనలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారు కదా. రష్త్ నుంచి ఒకటి, యజ్ద్ నుంచి ఒకటి, మషద్ నుంచి నీలం సిరాతో ఒకటి, మొత్తం ఆరు, అన్నీ తూబా ఖానుం ఇంటి చిరునామాకి, కరమలీ తల్లికి. మూడింట్లో కరమలీ సంగతి మాత్రమే ఉంది, రెండో సంగతి రాయడానికి వాళ్ళకి చేయి రాలేదు. తానూ అంతే కదా, మంచి సగం రాసి చెడ్డ సగం వదిలెయ్యడం పుణ్యం అనుకుంది, దేశంలో ఇంకెంతమంది తల్లులు తను వదిలేసిన సగం కోసం తలుపు తీసి కూర్చున్నారో. రెండు ఉత్తరాల్లో మొత్తం ఉంది. ఆరోది అన్నిటికంటే మర్యాదైనది, ఎవరో రిటైరైన మాస్టారి దస్తూరీ: అమ్మా, మీ వాడు క్షేమం. కాని ఆ ఇంటి యజమానురాలికి ఈ కాగితం చూపించకండి. ఆవిడని ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మీ నోటితో మెల్లగా చెప్పండి. ఆ కాగితాన్ని ఆ ఇంటి యజమానురాలు నిలబడే చదివింది, మంచినీళ్ళు లేకుండా. చదివి పాత టెలిఫోన్ డైరెక్టరీలో పెట్టింది. ఆరూ అందులోనే ఉన్నాయి, కుంపటి బల్లకి మూరెడు దూరంలో, షెల్ఫు కింద వరసలో. గులందాం రోజూ లేచేటప్పుడు ఆ డైరెక్టరీ మీద చేయి ఆనించి లేస్తుంది, మోకాళ్ళ నొప్పి.

తలుపు చప్పుడైంది. గులందాం మంచు దులుపుకుని లోపలికి వచ్చింది, చంకలో ఏదో మూట, చాదరు తియ్యకుండానే కూర్చుంది. టీ పోస్తే తాగింది, పంచదార ముక్క తియ్యలేదు, నువ్వు ఉంచుకో అక్కా, మా ఇంట్లో ఇక తీపి ఎవరు తింటారు అంది. అది వెక్కిరింపు కాదు, ఆవిడకి వెక్కిరించడం రాదు, అందుకే గుచ్చుకుంటుంది. మూట విప్పింది. నల్లబట్ట, కొత్తది, మడతలు ఇంకా బిగుసుగా ఉన్నాయి. హైదర్ ఒప్పుకున్నాడు అంది. కబురు లేక ఏడు నెలలు దాటింది, మసీదు పెద్దాయన కూడా అన్నాడు, ఎంతకాలం పిల్లవాణ్ణి గాలిలో వేలాడదీస్తారు, నేలకి దించండి అని. గురువారం సంతాపం. సమాధి ఖాళీదే, రాయి మాత్రం పెడతారు. బట్టీలో వాళ్ళే హల్వా చేస్తామన్నారు. ఇవన్నీ బియ్యం ఏరుతున్నట్టు ఒక్కొక్కటీ చెప్పింది. ఏడుపు రాలేదు. తర్వాత, ఇవ్వాళే ఆఖరు అక్కా, రేపట్నుంచి రాను, వినీ వినీ నా చెవులు పుండైపోయాయి అంది.

తూబా బ్యాటరీలు వేసింది. వెచ్చగా ఉన్నాయి, కోడిగుడ్లలా. బొంత కప్పుకున్నారు. గరగర, గరగర, దాని వెనక పేర్లు, ఒకడికి గొంతు వణుకుతోంది, ఒకడు నవ్వుతున్నాడు, నవ్వమన్నారో ఏమో, ఒకడు తన మేకని అమ్మెయ్యొద్దని చెప్పాడు. పక్కన గులందాం ఊపిరి మామూలుగా ఉంది, ఇన్నాళ్ళూ ప్రతి పేరు ముందూ ఆగేది, ఇవ్వాళ ఆగడం లేదు. మానేసింది. నిజంగానే మానేసింది. తూబాకి ఒక సంగతి తోచింది, తోచగానే భయం వేసింది: తనకి అసూయ. ఆవిడకి గురువారం ఉంది, హల్వా ఉంది, రాయి ఉంది, ఊరంతా వచ్చి కూర్చుంటారు, ఆడవాళ్ళు ఆవిడ రెండు చేతులూ పట్టుకుంటారు. బతికున్నవాడి తల్లికి అవన్నీ. చచ్చిపోయినవాడి తల్లికి బొంత, బ్యాటరీలు. షాపూర్‌కి చెందవలసిన ఏడుపంతా ఆ రెండు కాళ్ళ మీద తిరుగుతున్న కరమలీకి పోతోంది. ముందు రొట్టె తీసుకున్నాడు, ముందు మురబ్బా తిన్నాడు, ముందు వేలిముద్ర వేశాడు, ఇప్పుడు సంతాపం కూడా ముందు వాడిదే. ఛీ, ఎలాంటి బుర్ర ఇది, లోపల ఎవరైనా చీపురు పట్టి తుడిస్తే బాగుండును. నాలుగు ఇరవై అయింది. ఈవలి మోత పెరిగింది, పేర్లు మునిగిపోయాయి, ఎప్పుడో ఒక తండ్రి పేరు తేలుతోంది, కొడుకు లేకుండా.

బొంత తీసి గులందాం మొహం తుడుచుకుంది. చాదరులోంచి ఒక తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టి చేత్తో మడతలు సవరించింది. గోడలకి అంటించే సంతాప కాగితం అచ్చు వేయించాలి, అచ్చువాడికి మాటలు రాసివ్వాలిట. అడగడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు అంది.

"నీ చేత్తో రాయి అక్కా. వాడి పేరు నీ చేతిలో బాగుంటుంది."

అదే పెన్ను. నూట నలభై మంది బతికున్నారని రాసిన పెన్ను. పైన దేవుడి పేరు రాసింది, అది తేలిక. తరువాత ఆ మాటలు, ఊళ్ళో ఏ గోడ చూసినా ఉంటాయి, చూడకుండా రాసెయ్యొచ్చు: మా కళ్ళ వెలుగు, ముద్దుబిడ్డ. అక్కడ పేరు రావాలి. బతికున్నవాడి పేరు చచ్చినవాళ్ళ కాగితం మీద రాయడానికి చేయి ఒప్పుకోలేదు, అది మంచితనం కాదు, అలవాటు, ఎక్స్‌ఛేంజిలో తప్పు నంబరు కలపని వేళ్ళు. మరి ఆ వేళ్ళే తమంతట తాము రాశాయా. అలా అనుకుంటే సుఖంగా ఉంటుంది కాని వేళ్ళకి ఏం తెలుసు, తెలిసే రాసింది. షాపూర్ అని రాసింది. కింద తన మొగుడి పేరు రాసింది, యుద్ధం చూడకుండా పోయిన అదృష్టవంతుడు. రెల్లు చిత్తడిలో అని రాసింది. గురువారం మధ్యాహ్నం అని రాసింది. తొమ్మిది వారాల తర్వాత మొదటిసారి ఊపిరి అడుగుదాకా వెళ్ళింది. సిరా మెరుస్తూ, ఆరుతూ, తన కొడుకు చచ్చిపోయాడు.

గులందాం కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి ముద్దుపెట్టుకుంది. ఏది వాడి పేరు అని అడిగింది. తూబా వేలు పెట్టి చూపించింది. గులందాం చాలాసేపు చూసింది.

"రాతలో ఎంత పొడుగ్గా ఉన్నాడో."

కరమలీ పొట్టివాడు. తలుపు దగ్గర తల వంచేది షాపూర్.

అప్పుడు తూబా లేచింది. ఎందుకు లేచిందని తర్వాత చాలాసార్లు తనని తాను అడుగుతుంది. అచ్చువాడికి చదువొచ్చు, రేపు బయటపడుతుందన్న భయమా. ఆ ముద్దు చూడలేకా. లేక ఆ ముద్దు షాపూర్‌ది, అది గులందాం పెట్టకూడదన్న దురాశా. షెల్ఫు కిందనుంచి డైరెక్టరీ తీసింది, ఆరు కవర్లలో నీలం సిరాది చూసి తీసింది, అందులో మంచి సగమే ఉంది. గొంతు సవరించుకుని, ఎక్స్‌ఛేంజిలో టెలిగ్రాములు చదివి వినిపించే గొంతుతో, ఏ మాటా నొక్కకుండా చదివింది. మీ కుమారుడు కరమలీ గొంతు రేడియోలో విన్నాను. క్షేమంగా ఉన్నాడు. కాలికి దెబ్బ తగిలింది, మానింది. మిమ్మల్ని ఏడవద్దన్నాడు. ఒక శ్రోత.

గులందాం ఏడవలేదు. ఇంకోసారి చదువు అంది. తూబా ఇంకోసారి చదివింది. ఏ కాలు అని అడిగింది. రాయలేదు అంది తూబా. గులందాం కవరు తీసుకుని వాసన చూసి రవికలో పెట్టుకుంది, వారాల తరబడి డైరెక్టరీలో నలిగిన కవరు, అంచులు మెత్తబడి గుడ్డలా ఉంది. దాన్ని తడుముతున్న వేళ్ళు ఒక చోట ఆగాయి.

"ఎప్పుడొచ్చింది?"

"ఇవ్వాళే."

"మరి నేను రాగానే చెప్పలేదేం?"

కుంపటిలో బొగ్గు చిటపటమంది. తూబా నోరు తెరిచింది, అక్కడ మాట సిద్ధంగానే ఉంది, ఇప్పుడు చెబితే అయిపోతుంది, మొత్తం, ఒక్క ఊపిరి. గులందాం చేయి ఎత్తి ఆపింది. నాకు తెలుసులే అంది. నీవాడి కబురు లేకుండా నావాడి కబురు చెప్పడానికి నీకు నోరు రాలేదు. నేనైనా అంతే అక్కా, నేనైతే ఇవ్వాళ కూడా చెప్పేదాన్ని కాదేమో. అని వంగి తూబా నుదుటి మీద ముద్దుపెట్టింది. ఆవిడ క్షమించింది ఒక పూట ఆలస్యాన్ని. ఆ కొలతకి సరిపడా మాత్రమే కుట్టిన క్షమ, ఒంటికి ఎక్కడా పట్టదు.

లేచేటప్పుడు డైరెక్టరీ మీద చేయి ఆనించింది. షాపూర్ సంగతి అందులో ఏమైనా రాశారా, ఇద్దరూ ఒకేచోట ఉన్నారు కదా అంది. లేదు అంది తూబా. ఉంటాడు, వీడున్నాడంటే వాడూ ఉంటాడు, వాళ్ళు వేరుగా ఎక్కడికి పోయారు గనక అంది గులందాం, ఆవిడ మొహం ఇప్పుడు ఒకటే వెలుగు, ఆ వెలుగు ఎదురుగా ఉన్నదాన్నల్లా మంచిగా చూపిస్తోంది. నల్లబట్ట వైపు చూసి, దాన్ని ముట్టుకోకుండా, అది మా గడప తొక్కకూడదిక, నువ్వే ఎవరికైనా ఇచ్చెయ్, ఆ పాడు కాగితం చింపెయ్ అంది.

వీధిలో ఆవిడ నాలుక తిప్పి వేసిన కేక వినపడింది, పెళ్ళిళ్ళలో వేసేది, ఒకటి, రెండు, ఎవరో తలుపు తీశారు, ఎవరో పరిగెత్తారు. రష్త్‌లో, యజ్ద్‌లో, మషద్‌లో ఎవరెవరో చేసిన పుణ్యం ఈ వీధికి చేరింది. ఇంకొన్నాళ్ళకి ఖైదీల ఉత్తరాలు చేరవేసే రెడ్ క్రెసెంట్ వాళ్ళ ద్వారా కరమలీ ఉత్తరం వస్తుంది, వాడు మళ్ళీ రాస్తాడు, రెండు సగాలూ రాస్తాడు, దాన్ని చదవమని గులందాం ఇక్కడికే తెస్తుంది. అప్పుడు ఈ గొంతుతోనే చదవాలి. తూబా కాగితం చింపలేదు. సిరా ఆరిందో లేదో వేలితో చూసి, నల్లబట్ట మడతలో పెట్టి, బట్టని ఒళ్ళో పెట్టుకుంది. కట్టుకోవడానికి లేదు, ఒళ్ళో ఉంచుకోవచ్చు, ఎవరైనా వచ్చేదాకా. బొంత కింద రేడియో ఇంకా పలుకుతోంది, బ్యాటరీలు చల్లారుతున్నాయి, ఎవరో ఒక తండ్రి పేరు చెప్పి ఊరి పేరు చెప్పబోతున్నాడు. పెన్ను ఎక్కడుందా అని చేయి వెతికింది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. గులందాం, మొహమంతా ఎరుపు, తల మీద మంచు, లోపలికి రాకుండా గడపలోంచే వంగి చెప్పింది.

"నీవాడు పలికేదాకా నేను మానను, అక్కా. రోజూ వస్తా. రేపు నాలుగింటికి బ్యాటరీలు నేను తెస్తా."